మొదటి ముక్క బయటి ముక్కుకి

మార్చి 2, ఆదివారం

ఇవాళ పొగ వాసన లేకుండా నిద్ర లేచాను. ఈ రోజుకి ఇదే మొదటి వింత.

చదువు కోసం ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ నన్ను లేపేది అలారం కాదు, అత్త పొయ్యి. ముందుగదిలో తను కట్టెలు రాజేస్తే ఆ పొగ తలుపు సందులోంచి దూరి, దుప్పటి మీదుగా పాకి, ముక్కు పట్టుకుని లేపేది. ఇవాళ అది రాలేదు. ఎండ మొహం మీద పడేదాకా మొద్దులా పడుకున్నాను.

లేచి చూస్తే ఇటుకల పొయ్యి ఉన్న చోట నేల మీద నల్లటి మచ్చ. దాని మీద కొత్త గ్యాస్ గ్రిల్. వెండి రంగు, పెద్ద మూత, రెండు బర్నర్లు. మామయ్య దాని చుట్టూ తిరిగి, పడుకోబెట్టిన బీరువాలా ఉందే అన్నాడు. మామయ్య జోకు వేస్తే అత్త తిరిగి ఒకటి అంటించకపోవడం రెండో వింత.

మా ముందుగదే కొట్టు. నాలుగు బల్లలు, గోడకి ఒక అద్దం. కాల్చిన కోడి, చేప, మొక్కజొన్న. వెనక రెండు గదుల్లో మేం. పై వాటాలో అద్దెకుండే ఆవిడకి చంటిపాప. పాపకి దగ్గు. పొగ తగలకూడదని డాక్టరు చెప్పాడట. ఆవిడ ఓనరుకి చెప్పింది. ఓనరు కట్టెల పొయ్యి తీసెయ్యమన్నాడు. ఇందులో తప్పెవరిదీ లేదత్తా అన్నాను. తప్పెవరిదీ లేనప్పుడు శిక్ష నాకెందుకే అంది.

నిప్పు లేనిదే పొగ రాదని సామెత. మా కొట్లో ఇవాళ్టి నుంచి నిప్పుంది, పొగే లేదు.


మార్చి 3, సోమవారం

డ్రైవింగ్ స్కూల్ మాస్టారు వచ్చారు. సాయంత్రం క్లాసులు అయ్యాక ఆయన రోజూ మా కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఒక లెగ్ పీస్ తింటారు. తిన్నంతసేపూ మాట్లాడరు. పగలంతా బ్రేకు బ్రేకు అని అరిచిన గొంతు కదా, విశ్రాంతి ఇస్తారు. ఇవాళ సగంలో ఆగి నోరు విప్పారు. ఉడికిందమ్మా, కాలలేదు అన్నారు.

అంతే. మర్యాదగానే అన్నారు. మిగతా సగం కూడా తిన్నారు. కానీ ఆయన వెళ్ళాక అత్త ఆ ఒక్క బల్లనే తుడుస్తూ నిలబడిపోయింది.

ఇంకోటి గమనించాను. అత్త రోజూ దించిన మొదటి ముక్క ఎవరో ఒక బయటివాళ్ళకి పెడుతుంది. కొరియర్ అతనో, మీటర్ రీడింగ్ ఆయనో, దారిన పోతూ అడ్రస్ అడిగినవాళ్ళో. తిను నాయనా, ఎలా ఉందో చెప్పు అంటుంది. ఆ తరువాతే అమ్మకం. ఇవాళ కొరియర్ అతను వచ్చి, ఒక నిమిషం ఎక్కువే నిలబడి, ఉత్త చేతులతో వెళ్ళిపోయాడు. పెట్టలేదేం అత్తా అంటే, ఏ మొహం పెట్టుకుని పెట్టనే అంది.


మార్చి 4, మంగళవారం

లైబ్రరీలో పాత నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. ఇంగ్లిష్ ట్యుటోరియల్ ఎగ్గొట్టాను. పశ్చాత్తాపం లేదు.

సెగ. కాక. నివురు. నుసి. మసి. కమురు. పొగచూరు. రాజుకొను. చిటపటలు. ఒక్క నిప్పుకి ఎంత చుట్టరికం! కమురు అంటే మాడిన వాసన, అది అందరికీ తెలిసిందే. కానీ మాడకుండా, చేదెక్కకుండా, కాల్చిన కోడి తోలు మీద తేలిగ్గా కూర్చునే ఆ వాసనకి పేరేమిటి? వెతికాను. దొరకలేదు. మాట తెలియకపోతే వస్తువు కనపడదు అని మా తెలుగు మేడమ్ అంటారు. కనపడకపోయినా ఫర్వాలేదు మేడమ్, వాసన వస్తే చాలు.


మార్చి 6, గురువారం

ఇవాళ కవర్ల బాబు టేపు పట్టుకుని వచ్చాడు. పక్క కొట్లో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతాడు కనక ఆ పేరు. మా గోడని మా వైపు నుంచి కొలిచాడు. ఊరికే అక్కా, ఊరికే అంటూనే కొలిచాడు. గోడ తీసేస్తే రెండూ కలిసి పెద్ద షాపు అవుతుందట, వెనక గదులు గోడౌన్‌కి సరిపోతాయట. అతను వెళ్ళాక మామయ్య, మనల్ని ఖాళీ చేయించడానికి వీడు పొగ పెడుతున్నాడు అన్నాడు. ఆ పొగేదో కోడికి పెట్టమను అంది అత్త.

చాలా రోజులకి నవ్వుకున్నాం. ఆ నవ్వు ఆరకముందే అత్త అసలు మాట చెప్పింది. నెలాఖరుకి అగ్రిమెంట్ రాయడానికి ఓనరు వస్తాడు. ఆలోగా పాత రుచి వస్తే సరి. రాకపోతే కొట్టు కవర్ల బాబుకే ఇమ్మని తనే చెప్పేస్తుంది. పేరు పోయాక బోర్డు ఎందుకే, దిష్టికా? అంది.

అత్త ముక్కుసూటి మనిషి. అన్నదంటే చేస్తుంది.

కొట్టు పోతే నా గదీ పోతుంది, హాస్టల్‌కి వెళ్ళాలి. అది కాదు నా బాధ. పొయ్యి లేని అత్తని ఆదివారం నుంచీ చూస్తున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలా తిరుగుతోంది. పట్టుకారు తీస్తుంది, మళ్ళీ మేకుకి తగిలిస్తుంది.

కాబట్టి నిర్ణయించుకున్నాను. ఆ పొగ నేను తెస్తాను. గ్యాస్ మీదే తెస్తాను. ఎలాగో తెలియదు. తెలుసుకుంటాను.


మార్చి 8, శనివారం

మొదటి ఎక్స్‌పరిమెంట్. పాత కట్టెల్లోంచి పుల్లలు ఏరి, గ్రిల్ ఊచలు తీసి, తిన్నగా బర్నర్ మీద పోశాను. పొగ వచ్చింది! గెంతేశాను. గెంతడం పూర్తయ్యేలోపు పుల్లలు భగ్గుమన్నాయి. పొగ పోయి మంటే మిగిలింది. మంట పోయి బూడిద మిగిలింది. అది ఎగిరి కోడి మీద వాలింది, బర్నర్ చిల్లుల్లో దూరింది. మధ్యాహ్నమంతా సూది పట్టుకుని ఆ చిల్లులు పొడుస్తూ కూర్చున్నాను.

అత్త వెనక నిలబడి, కాలేజీలో నేర్పేది ఇదేనా తల్లీ, అయితే ఫీజు వెనక్కి అడుగు అంది.

పాఠం: చెక్క మండకూడదు. మగ్గాలి. గాలి అందీ అందనట్టు అందాలి.

మగ్గడం. ఎంత మంచి మాట.


మార్చి 9, ఆదివారం

చెక్క ముక్కల్ని రాత్రి నానబెట్టి, పొద్దున ఫాయిల్‌లో చుట్టి, పైన చిల్లులు పొడిచి పెట్టాను. ఫోన్‌లో చూసిన వీడియోలన్నీ నానబెట్టమనే చెప్పాయి. ఎంతసేపు చూసినా ఆవిరే. తడి చెక్క ముందు తన నీళ్ళు తను వదుల్చుకోవాలి, ఆ తరువాతే పొగ. అది వదుల్చుకునేసరికి కోడి ఉడికిపోయింది, దించేశాం, మామయ్య తినేశాడు కూడా. అప్పుడొచ్చింది పొగ. భోజనాలయ్యాక వచ్చిన పెళ్ళికొడుకులా.

మామయ్యని ఎలా ఉందని అడిగాను. బాగుందమ్మడూ అన్నాడు. మామయ్యకి అన్నీ బాగుంటాయి. ఆయన బస్సు నడుపుతాడు. దారిలో ఏ హోటల్లో ఏం పెట్టినా తిని బండెక్కాల్సిన నోరు అది. ఆయన మాట లెక్కలోకి రాదు.


మార్చి 11, మంగళవారం

వెనక వీధి వడ్రంగి దగ్గరికి వెళ్ళాను. గుమ్మం పక్క ముక్కల గుట్ట ఉంటే వంగి ఏరబోయాను. ఆగమ్మాయ్ అని అరిచాడు. అది ప్లైవుడ్, అందులో జిగురు. ఇది ప్యాకింగ్ పెట్టెల చెక్క, కాలిస్తే టర్పెంటైన్ కంపు. దానికి పాలిష్ ఉంది. ఇవి కాల్చి కోడి తింటే నీకు వార్నిష్ వేసినట్టే, లోపలి నుంచి మెరుస్తావు అన్నాడు. ఆ తరువాత సుత్తుల పిడుల కోసం తెచ్చిన జామ కర్ర చూపించి, దాని తుంటలు ఇచ్చాడు. కాయ కాసే చెట్టు దేన్నైనా వాడొచ్చట. రంపప్పొట్టు మాత్రం వద్దట, చటుక్కున అంటుకుంటుందట. దేనికివన్నీ అని అడిగి, చెప్పాక ముక్కున వేలేసుకున్నాడు. గ్యాస్ పొయ్యి కొని దానికి కట్టెలు కొంటున్నారా, అయితే బల్బు కొని దానికి వత్తి కూడా కొనండి అన్నాడు.

నవ్వాను. తుంటలు బ్యాగులో వేసుకున్నాను. క్లాసంతా మధ్య మధ్య బ్యాగు తెరిచి వాసన చూశాను. జామ చెక్కకి పచ్చిగా ఉన్నప్పుడు వాసనే లేదు. అంతా లోపల దాచుకుంటుంది.


మార్చి 13, గురువారం

వచ్చింది!!

ఎలాగంటే. బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి తీసుకుని, ముందు ఖాళీగా మంట మీద పెట్టి రంగంతా కాల్చేశాను. మూతకి మేకుతో చిల్లులు. అందులో పొడి జామ ముక్కలు, గుప్పెడు. ఊచల కింద, ఎడమ బర్నర్ మీద డబ్బా. ఎడమది వెలిగించి కుడిది ఆపేశాను. మూత వేశాను.

ముందు తెల్లగా, చిక్కగా గుప్పుమంది. కోడి పెట్టబోయాను. అత్త చెయ్యి పట్టుకుంది. అప్పటిదాకా చూడనట్టు అద్దం తుడుస్తున్న మనిషి ఎప్పుడు వచ్చి నిలబడిందో! ఉండవే, తెల్ల పొగ తిడుతుంది, నీలిపొగ ముద్దు పెడుతుంది, అది వచ్చేదాకా ఆగు అంది. ఆగాం. పొగ పలచబడింది. చూస్తే ఉందీ లేదూ అన్నట్టు, సన్నగా, నీలంగా. అప్పుడు కోడి, కుడి వైపు, మంట లేని చోట పెట్టి మూత వేశాం. సెగ ఇటు తిరిగి వస్తుంది, పొగ కూడా దానితో వస్తుంది. ముక్క చల్లగా, తడిగా ఉన్నప్పుడే పొగ బాగా పడుతుందట, అందుకే తను ఎప్పుడూ ఎండలో పెట్టిన మాంసం కాల్చదట. అత్త ఇదంతా చెప్పింది. నేను అడగలేదు. తనే చెప్పింది. పట్టుకారు తన చేతిలోనే ఉంది.

దించాక తోలు బంగారంలా ఉంది. వాసన మాత్రం లీలగా. ఇంకొంచెం కావాలి అనుకున్నాం ఇద్దరం.


మార్చి 15, శనివారం

ఇంకొంచెం వేశాం. చాలలేదు. రెండు డబ్బాలు పెట్టాం. పొద్దున్నుంచి గ్రిల్ దగ్గరే నేను, అత్త, సెలవు పెట్టిన మామయ్య. దించిన ప్రతి ముక్కా ముగ్గురం రుచి చూశాం. అబ్బే, అందట్లేదు అంది అత్త. నాకూ అందలేదు. మామయ్య కూడా, ఆఖరికి మామయ్య కూడా, బాగుంది కానీ పొగ తగ్గిందమ్మడూ అన్నాడు.

రేపు ఆదివారం. మాస్టారికి కబురు పంపాను, రేపు తప్పకుండా రండి, పాత రుచి తెచ్చేశాం అని. చుట్టుపక్కల నలుగురికీ చెప్పాను. రేపు డబ్బాలు నిండా పోస్తాం, ఖాళీ అయిన వెంటనే మళ్ళీ పోస్తాం.


మార్చి 16, ఆదివారం

రాయాలని లేదు. రాస్తాను.

మాస్టారు మొదటి ముద్దకే దగ్గారు. రెండోది నోట్లో పెట్టుకుని, నా మొహం చూసి, ఉమ్మలేక మింగారు. నీళ్ళు తాగి, ఏమనుకోకమ్మా, పొయ్యి నాకినట్టుంది అన్నారు. పక్క బల్ల వాళ్ళ పిల్ల ఏడ్చింది, చేదు చేదు అంటూ. కవర్ల బాబు ఊరికే వచ్చాను అక్కా అంటూ ఒక ముక్క తీసుకుని, నాలుక బయటపెట్టి రుమాలుతో తుడుచుకున్నాడు. అది కావాలని చేశాడు. కానీ మాస్టారు కావాలని చెయ్యలేదు.

అప్పుడు కూడా నేను ఇంకో ముక్క కొరికి చూశాను. నాకు చేదు తెలియలేదు. అత్తకీ తెలియలేదు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఊరంతా చేదంటోంది, మాకేమో చప్పగా ఉంది. నాకు భయం వేసింది. కోడి గురించి కాదు. మా గురించి.

అత్త బర్నర్ ఆపి, పట్టుకారు కడిగి, మేకుకి తగిలించకుండా డ్రాయర్‌లో పెట్టింది.


మార్చి 17, సోమవారం

అత్త ఓనరుకి ఫోన్ చేసింది. ఆయన ఎత్తలేదు. ఇంకా దారి మూసుకుపోలేదన్నమాట.


మార్చి 18, మంగళవారం, మధ్యాహ్నం, లైబ్రరీ మెట్ల మీద

ఇది ఇప్పుడే రాయాలి. క్లాసు పోతే పోనీ.

పొద్దున బస్సులో పక్క సీటు అమ్మాయి, మీ ఇంట్లో ఏమైనా కాలిందా అని అడిగింది. లేదే అన్నాను. క్లాసులో బెంచ్‌మేట్ కూడా అదే అడిగింది. నీ జుట్టు, నీ చున్నీ, నీ పుస్తకాలు, అన్నీ పొయ్యిలోంచి తీసినట్టున్నాయే అంది. వాసన చూసుకున్నాను. ఏమీ లేదు.

మధ్యాహ్నం దాకా లైబ్రరీలో కూర్చున్నాను. ఏసీ హాలు, పాత కాగితాల వాసన తప్ప ఏమీ లేదు. ఆకలేసి మెట్ల మీదికొచ్చి టిఫిన్ బాక్స్ తెరిచాను. మిగిలిపోయిన ముక్క, పారెయ్యడం ఎందుకని తెచ్చుకున్నది. మూత తీశానో లేదో పొగ గుప్పున కొట్టింది! మొహం వెనక్కి తిప్పుకున్నాను. కొరికాను. మాస్టారు చెప్పింది నిజం. పొయ్యే. పచ్చి మసి. మాకు చప్పగా ఉన్న అదే ముక్క.

అంటే ముక్కలో తేడా లేదు. తేడా ముక్కులో ఉంది. పొద్దున్నుంచి పొగలో నిలబడిన ముక్కుకి పొగ తెలియదు. తెలియక ఇంకా పోస్తాం, పోసేకొద్దీ ఇంకా తెలియదు. ఊరంతటికీ వండేవాళ్ళకి మాత్రం ఆ వంట వాసన రాదు. ఎంత అన్యాయం! అయితే ఇన్నేళ్ళూ కట్టెల పొయ్యి దగ్గర అత్త ఎలా

వాక్యం మధ్యలో ఆపేశాను, ఎందుకంటే జవాబు వచ్చేసింది. కొరియర్ అతను. మీటర్ ఆయన. అడ్రస్ అడిగినవాళ్ళు. తిను నాయనా, ఎలా ఉందో చెప్పు.

ఇంటికి పోతున్నాను.


అదే రోజు, సాయంత్రం

అత్తని అడిగాను, మొదటి ముక్క బయటివాళ్ళకి ఎందుకు పెట్టేదానివని. అదేం ప్రశ్నే, మా అత్తగారు పెట్టేది, నేనూ పెట్టాను, బయటివాళ్ళకి పెట్టనిదే మనం తినకూడదు అంది. వాళ్ళేం చెప్పేవాళ్ళని అడిగాను. ఏవో చెప్పేవాళ్ళు, ఘాటుగా ఉంది పిన్నీ, ఇవాళ తక్కువైందక్కా అని. విని ఏం చేసేదానివి? ఏం చేస్తాను, ఒక కట్టె లాగేదాన్ని, లేకపోతే ఒకటి తోసేదాన్ని అంది.

అన్నాక ఆగిపోయింది. తన మాట తనే మళ్ళీ వింటున్నట్టు.

అది మర్యాద అనుకున్నావత్తా, మర్యాదే, కానీ ఆ ముక్క పెట్టడంతోనే నీ పొగ కొలుచుకున్నావు అని చెప్పాను. టిఫిన్ బాక్స్ సంగతీ చెప్పాను. అత్త కుర్చీలో కూర్చుంది. అంటే ఇన్నేళ్ళూ నేను వండింది దారిన పోయేవాళ్ళ ముక్కుతోనా అంది. మళ్ళీ తనే, మా అత్తగారు గడుసుది, ఆవిడకైనా తెలుసో లేదో అని నవ్వింది. ఆదివారం తరువాత ఇదే మొదటి నవ్వు. గ్యాస్ వచ్చాక సిగ్గుపడి ఆపేసింది ఆ ఒక్క పనే. ఆపకూడనిదీ అదే.

డ్రాయర్ తెరిచి పట్టుకారు తీసి మేకుకి తగిలించింది.


మార్చి 19, బుధవారం

ఇప్పుడు కావలసింది బయటి ముక్కు. రోజూ దొరకాలి, పొగ తగలనిదై ఉండాలి. మాస్టారు దండం పెట్టి, పది రోజులు నాకు కోడి వద్దు తల్లీ అన్నారు. కొరియర్ అతను రూటు మారాడట. వడ్రంగి ముక్కు నిండా పొట్టు. కవర్ల బాబు ముక్కు బాగానే ఉంటుంది, నోరే అబద్ధాలాడుతుంది.

మిగిలింది ఒక్కరు. రోజంతా కిటికీలు బిగించుకుని, చంటిపాపతో లోపలే ఉండే మనిషి.

అత్తతో అన్నాను. అగ్గి మీద గుగ్గిలం! నా పొయ్యి ఆర్పిన మనిషికి నా మొదటి ముక్కా, నీకేమైనా మతి పోయిందా అంది. అత్తకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పుడు ఆ ముక్కు పనిచెయ్యట్లేదు కదత్తా, కోపం ఒక్కటే పనిచేస్తోంది అన్నాను. పట్టుకారు ఎత్తింది. నేను మెట్ల వైపు పరుగెత్తాను.

పైఇంటావిడ తలుపు కొంచెమే తెరిచింది. లోపల పాల వాసన, ఉతికిన గుడ్డల వాసన. సంగతంతా గడగడా చెప్పేశాను. ఆవిడ విని, మీ అత్తగారు నాతో మాట్లాడరు కదా అంది. మాట్లాడరు, కానీ వండుతారు అన్నాను. ఆవిడ తలుపు ఇంకొంచెం తెరిచింది. ఇదివరకు మీ అత్తగారు పంపే ప్లేటు ఇష్టంగా తినేదాన్ని, నేను వద్దన్నది ఆ రుచిని కాదు, పాప ఛాతీలో గురగురని అంది. ఒప్పుకుంది. ఒక షరతు మీద: పొగ కిటికీ దాకా రాకూడదు. రానివ్వను అక్కా అన్నాను. అక్కా అని ఎలా వచ్చేసిందో.


మార్చి 20, గురువారం

మూత గట్టిగా వేసి, డబ్బాలో జామ ముక్కలు సగమే వేసి కాల్చాం. బయటికొచ్చి పైకి చూశాను. కిటికీ దాకా ఏమీ పోలేదు. ప్లేటు నేనే తీసుకెళ్ళాను. అక్క ఒక ముక్క తిని కళ్ళు మూసుకుంది. పొగ ముందు వస్తోంది, గొంతు దగ్గర గీరుకుంటోంది అంది.

ముందు వస్తోంది! ఎంత బాగా చెప్పింది. కిందికి పరుగెత్తి అదే మాట అత్తకి అప్పగించాను. మాట మార్చకుండా. అత్త ఒక్క క్షణం ఆలోచించి, తెల్ల పొగ పూర్తిగా పోకుండా పెట్టేశావు నువ్వు అంది. నిజమే. తొందరపడ్డాను.


మార్చి 21, శుక్రవారం

అక్క మాట: ఇవాళ రావట్లేదు, వచ్చినట్టే వచ్చి జారుకుంటోంది.

అత్త జవాబు: ముక్క తడారిపోయాక పెట్టాం, పట్టలేదు. రేపు ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే.

వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారు. మధ్యలో మెట్లు ఉన్నాయి, నేనున్నాను, అంతే. నేను మాటలు మోసే మనిషిని. ఇంత గొప్ప ఉద్యోగం ఇంకోటి ఉంటుందా?


మార్చి 22, శనివారం

అక్క ఇవాళ తినలేదు. వాసన చూసి, ప్లేటు నా చేతికే ఇచ్చేసింది. కొంచెమే తేడా ఉందిట, కానీ అది నీకు చెబితే నువ్వు మోసుకెళ్ళేలోపు చల్లారిపోతుంది అంది. వండిన చేతికే చెప్పాలి, మీ అత్తగారిని రమ్మను అంది.

కిందికి వచ్చి చెప్పాను. అత్త చీర కొంగు వాసన చూసుకుంది. ఏమీ వచ్చి ఉండదు.


మార్చి 23, ఆదివారం

అత్త మెట్లెక్కింది.

ముందు స్నానం చేసింది. ఉతికిన చీర కట్టుకుంది. జామ చెక్క తనే ఏరింది, పొగ తనే చూసింది. తెల్లది పోయి నీలం వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడింది. నన్ను దగ్గరికి రానివ్వలేదు. దించిన మొదటి ముక్క ప్లేటులో పెట్టి, మూత పెట్టి, నడువు అంది. నేను వెనక నడిచాను. మామయ్య మెట్ల కింద నిలబడి, హారన్ కొట్టనా అన్నాడు. అత్త వెనక్కి తిరక్కుండానే, నోటికి బ్రేకు వెయ్యి అంది.

తలుపు తెరుచుకుంది. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. అక్క చేతిలో పాప, అత్త చేతిలో ప్లేటు. ఎముక ఉన్న ముక్క, ఒక చేత్తో తినేది కాదు. అక్క పాపని అత్త చేతుల్లో పెట్టి ప్లేటు తీసుకుంది.

అత్త పాపని దూరంగా పట్టుకుంది, కాలిన పళ్ళెం పట్టుకున్నట్టు. నా దగ్గర వాసన వస్తుందేమో, దానికి దగ్గొస్తుందేమో అంది. అది అత్త మొదటి మాట. తిట్టు అవుతుందని నేను ఎదురుచూస్తే అదొచ్చింది. పాప దగ్గలేదు. ముక్కు చిట్లించి, ఒక్క తుమ్ము తుమ్మి, అత్త బొట్టు మీద వేలు పెట్టింది.

అక్క తింటోంది. నిలబడే తింటోంది. కొరికి, నమిలి, ఆగి, మళ్ళీ కొరికింది. నేను తన మొహంలో మాటలు వెతికాను. ఎముక మీద ఏమీ మిగలలేదు. చివరికి అక్క, ఇది పాతది కాదండీ అంది.

అక్క ఇంకా అంటోంది. పాతది తలుపు తోసుకుని వచ్చేది, ఇది తలుపు కొట్టి వచ్చింది. ముందు కోడి, తరువాత ఉప్పు, అంతా అయిపోయిందనుకున్నాక వెనక నుంచి పొగ. ఇప్పటికీ ఉంది నోట్లో. ఇంకో ముక్క ఉందా?

అత్త పాపని దూరం నుంచి దగ్గరికి, భుజం మీదికి తీసుకుంది. చెక్క ఇంకో రెండు ముక్కలు తగ్గించనా అని అడిగింది. వద్దు, తగ్గించొద్దు, ఇక ముట్టుకోవద్దు అంది అక్క.

కిందికి దిగేటప్పుడు అత్త మెట్టు మెట్టుకీ ఆగింది. మోకాలు నొప్పేమో అనుకున్నాను. కాదు. కళ్ళు తుడుచుకుంటోంది. ఏమైందత్తా అంటే, పొగే అంది.

అక్కడ పొగ లేదు.


మార్చి 25, మంగళవారం

మాస్టారు వచ్చారు. పది రోజులు కాలేదు, అయినా వచ్చారు. గుమ్మం ముందు నుంచి పోతుంటే వాసన తగిలిందట. లెగ్ పీస్ తిన్నారు, మాట్లాడలేదు. చివరిదాకా మాట్లాడలేదు! అత్త ఆయన బల్లని ఒక్కసారే తుడిచింది.

కవర్ల బాబు తన టేపు మా అద్దం పక్కన మరిచిపోయాడు. అత్త దాన్ని చుట్టచుట్టి, ఒక ముక్కతో పాటు పంపించింది. గోడ ఉంటుంది బాబూ, ఆకలేస్తే గోడకి ఇటువైపు రా అని చెప్పమంది. అక్షరం మార్చకుండా చెప్పాను. అతను ముక్క తిని, ఊరికే అన్నాను అక్కా అని చెప్పమన్నాడు.

అగ్రిమెంట్ మీద సంతకం పెడతానని అత్త ఓనరుకి ఫోన్‌లో చెప్పింది. ఈసారి ఆయన ఎత్తాడు.


మార్చి 27, గురువారం

ఇవాళ పై కిటికీ తెరిచి ఉంది. రెండు తలుపులూ. అందులోంచి తాడు, తాడు చివర బుట్ట, బుట్టలో కడిగిన ప్లేటు. మా గుమ్మం ముందు గాలికి మెల్లగా ఊగుతోంది.

ఆ వాసనకి పేరు ఇంకా దొరకలేదు. వెతుకుతూనే ఉంటాను.

రేపు పొద్దున: పొడి జామ ముక్కలు, గుప్పెడు. ఎడమ బర్నర్. తెల్లది పోనివ్వాలి. మొదటి ముక్క బుట్టలో పెట్టి, తాడు రెండుసార్లు లాగాలి.